ఆరిపోతే పిలిచినట్టు

ఫోన్ మోగినప్పుడు నేను పత్తికొండ టమాటా మార్కెట్లో మా అన్నతో వాదులాడుతున్నాను. లారీ ఎందుకు ఆలస్యమైందని నేను, ఎండలో నీకెందుకు ఈ తలనొప్పి అని ఆయన. సెలవు దొరికి పుట్టింటికి పోతే నాకు దక్కే విశ్రాంతి ఇదే. చుట్టూ వేలం కేకలు, బాక్సులు దించే చప్పుడు. ఒక చెవి మూసుకుని ఫోన్ ఎత్తాను.

"మేడం, మా ల్యాబ్ మేడం పోయిందంట మేడం."

మూడు మేడంలు. మొదటిదీ చివరిదీ నేను. నడిమిది ఆమె.

చెప్పింది రేష్మా. మా కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చదివి, ఇప్పుడు డోన్‌లో ఒక స్కూల్లో పాఠాలు చెప్పుకుంటున్న పిల్ల. బేతంచెర్లలో అన్న ఇంట్లో పొద్దున కాఫీ తాగుతూ ఆమె అలాగే పక్కకు ఒరిగిపోయిందట. గుండె ఆగిందన్నారట. "మీరు డోన్ దాకా రాండి మేడం, బస్టాండులో ఉంటా. ఇద్దరం పోదాం" అంది రేష్మా. నేను బస్సు కోసం నడిచాను. మా అన్న వెనక నుంచి పిలుస్తూనే ఉన్నాడు. విషయం ఏమిటో డోన్ బస్సు ఎక్కాక ఫోన్ చేసి చెప్పాను.

కర్నూలు ఊరు దాటాక రోడ్డు పక్కన ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నా ఉద్యోగం. పిల్లలకు ఇంగ్లీషులో మాట్లాడటం నేర్పడం. దానికి కమ్యూనికేషన్ స్కిల్స్ అని పెద్ద పేరు పెట్టారు. నా గదికీ ఆమె ల్యాబుకూ మధ్య ఒకటే గోడ. ఇవతల నేను మాట్లాడండిరా అని పిల్లలను బతిమాలుతుంటే, అవతల ఆమె ల్యాబులో ఆమె గొంతు తప్ప పిల్లల చప్పుడే ఉండేది కాదు. నాకు ఒళ్లు మండేది. ఈవిడకు పిల్లలు ఇంత భయపడి చస్తున్నారే, నన్నెవరూ లెక్కచెయ్యరే అనుకునేదాన్ని.

నిజానికి ఆమెను చూసి భయపడటానికి ఏమీ లేదు. పొట్టి మనిషి. నూలు చీర, చెప్పులు ఎప్పుడూ ఒక సైజు పెద్దవి. ఎక్కడికి పోయినా ముందు నేల చూసేది. బ్యాంకులో, పెళ్లి మండపంలో, ఆస్పత్రిలో, నేల మీద బండలు కనిపిస్తే కాలి బొటనవేలితో రుద్ది, "ఇది మా ఊరి బండే" అనేది. ఆ మాట చెప్పేటప్పుడు మొహంలో ఒక వెలుగు. బేతంచెర్లలో బండలు కోసి పాలిష్ పట్టే ఫ్యాక్టరీ ఒకటి వాళ్ల నాన్నది, తర్వాత వాళ్ల అన్నది. ఇల్లూ ఫ్యాక్టరీ ఒకే ఆవరణ. ఆమె ఆ చప్పుట్లోనే పుట్టి, ఆ చప్పుట్లోనే పెరిగింది.

ఇంకో అలవాటు. మనం మాట్లాడుతుంటే ఆమె మన నోటి వంకే చూసేది. ఎదుటివాళ్ల కళ్లలోకి చూడండని పిల్లలకు నేర్పేదాన్ని కదా, నాకది వింతగా ఉండేది. మొదట్లో నా పళ్లకు ఆకుకూర ఏదో అంటుకుందేమోనని కొంగుతో తుడుచుకునేదాన్ని. స్టాఫ్ రూములో ఎప్పుడూ గోడకు వీపు ఆనించి, తలుపుకు ఎదురుగా కూర్చునేది. అందరూ నవ్వాక, ఒక్క క్షణం ఆగి నవ్వేది. ఫోన్ ఎత్తేది కాదు, మెసేజ్ పెట్టేది. ఇక మెల్లగా మాట్లాడటం అనేది ఆమెకు అసలు రాదు. "కాఫీ తాగుదామా" అంటే కాలేజీ మొత్తానికి పిలుపు అందేది.

మీసాల మగవాళ్లంటే ఆమెకు పడేది కాదు. కారణం నాకు చాలా రోజులు తెలియలేదు. మా ఫిజిక్స్ సారుకు దట్టమైన మీసం, పెదాల మీదికి వాలి ఉండేది. ఆయన ఏం చెప్పినా ఈమె "సరే సార్" అనేది. ఆ సరే పుణ్యమా అని ఆయన పరీక్ష డ్యూటీలన్నీ ఈమె నెత్తిన పడేవి. "ఎందుకక్కా ఒప్పుకుంటావు?" అంటే, "పోనీలేమే, ముసలాయన" అనేది. ఆయన వయసు ఆమె వయసే.

ఇక ఆమె ల్యాబు గురించి. నాకు కరెంటు గురించి తెలిసిందల్లా స్విచ్ వేయడం వరకే. అయినా ఆమె చేసే మొదటి ప్రయోగం నాకు కూడా కంఠతా వచ్చేసింది. బోర్డు మధ్యలో చుట్టూ సన్నటి కాళ్లున్న ఒక నల్లటి చిప్పు ఉంటుంది. అన్ని చిప్పుల్లా పుట్టుకతోనే ఒక పనికి కట్టుబడి ఉండదు. మనం కంప్యూటర్లో రాసి ఎక్కించినదాన్ని బట్టి అది ఏదైనా అవుతుంది. ఈ మీట నొక్కితే ఆ కాలికి కరెంటు పంపు అని రాసి ఎక్కిస్తే, అలాగే పంపుతుంది. బోర్డు మీదే కంపెనీవాళ్లు బిగించిన చిన్న లైట్లు కొన్ని ఉంటాయి. వేరేచోట మొదటి ప్రయోగం అంటే వాటిలో ఒకటి వెలిగించి చప్పట్లు కొట్టడమేనట. ఆమె ఒప్పుకునేది కాదు.

"అది కంపెనీవోడు పెట్టిన లైటప్పా. తీగె వాడే వేసినాడు, రెసిస్టర్ వాడే పెట్టినాడు. మీరు చేసిందేముండాది? బయట లైటు వెలగాల. మీరు తెచ్చింది, మీరు కట్టింది."

పిల్లలు ఊళ్లోకి పోయి ఎర్రటి ఎల్ఈడీలు కొనుక్కొచ్చేవాళ్లు. పొడుగు కాలు చిప్పు వైపు, పొట్టి కాలు గ్రౌండు వైపు, మధ్యలో అడ్డంగా, కరెంటు జోరు తగ్గించడానికి ఒక రెసిస్టర్. ఆ రెసిస్టర్ మరిచిపోయినవాళ్లకు చీవాట్లు. "చిప్పు కాలు చీమ కాలు లాంటిది. దాని మీద మూటలు పెట్టొద్దు. లైటన్నా మాడుతుంది, కాలన్నా మాడుతుంది. కాలు మాడితే దానికి ఇంకో కాలు మొలవదు" అనేది.

ఇంతవరకు ఎవరైనా చెప్పే పాఠమే. ఆమె పాఠంలో ఉన్న విచిత్రం ఏమిటంటే, ఆ లైటు పిల్లల బల్ల మీద కాదు, ఆమె బల్ల మీద వెలగాలి. ప్రతి బల్ల నుంచీ నేల వెంబడి తీగెలు పాకించుకుంటూ ఆమె బల్ల దాకా తేవాలి. అక్కడ ఒక పలుచటి బండ ముక్క నిలబెట్టి ఉండేది. వాళ్ల అన్న ఫ్యాక్టరీలో కోసి, చిన్న చిన్న బెజ్జాలు వేసి ఇచ్చింది. ఒక్కో బెజ్జంలో ఒక్కో బల్లవాళ్ల లైటు. మీట నొక్కితే బండ మీద మీ లైటు వెలుగుతుంది, ఆమె లేచి మీ దగ్గరికి వస్తుంది. "మేడం మేడం అని అరిస్తే రాను. లైటు వెలిగిస్తేనే వస్తా" అని చట్టం పెట్టింది.

కరోనా తర్వాత కాలేజీలు తెరిచినప్పుడు పుట్టిన చట్టం ఇది. పిల్లలు తన చుట్టూ గుమిగూడకుండా దూరం పాటించడానికని ప్రిన్సిపాల్‌కు చెప్పింది. ఆయన మెచ్చుకుని, మీటింగులో అందరిచేతా చప్పట్లు కొట్టించాడు.

తీగెలు పాకించడంలో పిల్లలు ప్రతి ఏడాదీ చేసే తప్పు ఒకటే. ఒక్క తీగె వేసి, లైటు వెలగలేదని ఏడుపు మొహాలు పెట్టేవాళ్లు. గ్రౌండు తీగె వేయరు. "పోయేదానికి దారేసినారు, తిరిగొచ్చేదానికి ఎవురేస్తారప్పా? పోయిన కరెంటు తిరిగి రావాల గదా!" ఈ మాట గోడ దాటి నా క్లాసులోకి వచ్చేది. నా పిల్లలు నాకంటే ముందే దాన్ని అనుకరించి నవ్వేవాళ్లు.

ఒక మధ్యాహ్నం గోడ అవతల నుంచి ఇంకో రకం చప్పుడు వినిపించింది. "మేడం! మేడం!" అని అరుపులు. ఆమె ల్యాబులో అరుపులంటే మామూలు విషయం కాదని పరుగెత్తాను. అవి ఇంకా అందరికీ మాస్కులున్న రోజులు. గదిలో కాలిన వాసన. వెనక బల్ల దగ్గర బోర్డు మీద నుంచి సన్నగా పొగ లేస్తోంది. రేష్మా పవర్ సప్లై తీగె తీసి నేరుగా చిప్పు కాలికి తగిలించిందట. బిత్తరపోయి, చేతులు రెండూ గాల్లో పెట్టుకుని నిలబడి ఉంది. గదిలో ప్రతి ఒక్కరూ అరుస్తున్నారు.

ఆమె మాత్రం తన కుర్చీలో ప్రశాంతంగా కూర్చుని, రికార్డులు దిద్దుతూ, మధ్యమధ్య తలెత్తి బండ మీది లైట్ల వంక చూసుకుంటోంది. ఒక్క లైటూ వెలగడం లేదు. చచ్చిన చిప్పు లైటెలా వెలిగిస్తుంది? మిగతావాళ్లు లైట్ల సంగతే మరిచిపోయి అరుస్తున్నారు. ఆమె లెక్క ప్రకారం ఎవరూ పిలవలేదు.

నేను పోయి భుజం మీద చెయ్యి వేశాను. ఉలిక్కిపడి లేచింది. నా మొహం చూసింది, మాస్కు చూసింది, తర్వాత గది చూసింది. దొంగతనం చేస్తూ దొరికిన మనిషి చూపు అది. దొంగతనం చేసేంత చెడ్డది కాదు పాపం, ఉన్నదల్లా చెవుల జబ్బు.

రెండే అంగల్లో బల్ల దగ్గరికి పోయి కరెంటు తీసేసింది. రేష్మా చేతులు పట్టుకుని, కాలలేదు కదా అని వేళ్లు ఒక్కోటీ తిప్పి చూసింది. ఒక్క మాట తిట్టలేదు.

సాయంత్రం కాలేజీ బస్సు ఎక్కకుండా నన్ను రోడ్డు మీదికి నడిపించుకుపోయింది. కాలేజీ కనిపించనంత దూరం పోయాక, మాస్కు తియ్యమని నాకు సైగ చేసింది. తీశాను.

"నాకు వినపడదుమే" అంది. "కుడి పక్క అసలు లేదు. ఎడమ పక్క ఏదో గుయ్యిమని ఉంటాది. మా ఇంట్లో అందరికీ ఇంతే. కోత మిషన్ల చప్పుడు తినేసింది. చిన్నప్పటి నుంచి ఉప్పు కావాలన్నా పెదాలు చూసే తెలుసుకునేది మేము. మనుషుల నోరు కనపడితే చాలు, నేను నెట్టుకొస్తా. ఈ గుడ్డలొచ్చి నా కొంప ముంచినాయి."

చెవికి మెషిన్ పెట్టుకోవచ్చు కదా అన్నాను. చేతిసంచిలోంచి చిన్న డబ్బా తీసి చూపించింది. "కొన్న్యాలే. పెట్టుకుంటే ఫ్యాన్ల చప్పుడు మోగుతాది గానీ మాట తెలీదు. నరాలే పోయినాయంట. పైగా ఇది చెవిలో పెట్టుకుని క్లాసుకు పోతే అందురూ చూస్తారు. చెవుడుదాని దగ్గర ఏం చదువుకోవాలని పిల్లోళ్లు అనుకుంటారు. అట్ల ఒక్కరన్నా నన్ను చూసి నవ్వితే నేనింక ఆ గదిలో నిలబడలేనుమే. నాకు ఆ గది తప్ప ఇంకేముండాది చెప్పు?"

నిజంగానే ఆమెకు ఇంకేమీ లేదు. బుధవారపేట వైపు ఒక అద్దె గది, ఒక స్టవ్వు, ఆ ల్యాబు. సెలవు దినాల్లో కూడా ఏదో ఒక వంక పెట్టి వచ్చి, తలుపులు తీసి, బోర్డులు దులుపుకుంటూ కూర్చునేది.

"ఎవురికీ చెప్పద్దు. నా మీద ఒట్టు పెట్టు" అంది. మెల్లగా మాట్లాడటం రాదని చెప్పాను కదా. ఆ రహస్యం ఆమె చెప్పిన గొంతుకు, దూరంగా మేకలు తోలుకుపోతున్న మనిషి ఆగి మా వైపు చూశాడు. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఒట్టు పెట్టాను.

మరునాడు ఆమె చేసిన పని చెప్పాలి. అన్ని బోర్డుల్లోనూ ప్రోగ్రాం తిరగరాయించింది. ఇకమీద లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉండాలి. మీట నొక్కితే ఆరాలి. "వెలుగుతాంటే అంతా బాగుండారని. ఆరిపోతే పిలిచినట్టు. చిప్పు మాడినా ఆరుతాది, తీగె ఊడినా ఆరుతాది. ఏది పోయినా నాకు తెలుస్తాది" అని పిల్లలకు చెప్పింది. పరిశ్రమల్లో ఇలాగే పెడతారని, ఇదొక పెద్ద పాఠమని కూడా చెప్పిందట. అబద్ధం కూడా కాదు, నిజంగా పెద్ద పాఠమేనట.

అప్పటి నుంచి ఆ బండ చూడటం నాకూ ఒక అలవాటైంది. పొద్దున మెయిన్ స్విచ్ వేయగానే, ప్రోగ్రాం ఇంకా ఎక్కించకముందు, ఆ ఎర్ర లైట్లన్నీ మసకగా, ఉండీలేనట్టు వెలిగేవి. అలా ఎందుకో నాకు చెప్పబోయి, నా మొహం చూసి మానేసింది. "ఇంకా నిద్ర లేవలేదులే" అంది. పిల్లలు ఒక్కో బల్లకూ వచ్చి ప్రోగ్రాం ఎక్కిస్తుంటే ఒక్కోటీ తెలివి తెచ్చుకున్నట్టు వెలిగేది. ఆమె గోడకు ఆనుకుని, చేతులు కట్టుకుని, అవన్నీ వెలిగేదాకా చూసేది. ఇంత సంతోషంగా ఉద్యోగం చేసే మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

ఒట్టు నిలబెట్టుకోవడానికి నేను ఆడిన అబద్ధాలకు లెక్కలేదు. మీటింగుల్లో ఆమెకు ఎదురుగా కూర్చుని, అందరూ అన్నది పెదాలతో తిరగ చెప్పేదాన్ని. "మేడంకు చప్పుడు గిట్టదు, వెనక నుంచి పిలవద్దు" అని పిల్లలకు బోధించేదాన్ని. "మాకు తెలుసు మేడం, మేడంకు చప్పుడు గిట్టదు" అని వాళ్లు బుద్ధిగా తలలూపేవాళ్లు. మాస్కులు పోయిన తర్వాత కూడా ఆ ల్యాబులో పిల్లలు ఆమె ముందుకు తిరిగి వచ్చి, నిలబడి, ఒక్కొక్కరే మాట్లాడటం చూసి, ఈ క్రమశిక్షణ నా క్లాసుకు ఎప్పుడొస్తుందిరా భగవంతుడా అనుకునేదాన్ని.

తర్వాత కాలం మారింది. పిల్లలందరూ కంప్యూటర్ల చదువుకే ఎగబడ్డారు. ఎలక్ట్రానిక్స్‌లో సీట్లు మిగిలిపోవడం మొదలైంది. ఆ విభాగంలో కొందరిని తగ్గిస్తారని, సెక్రటరీ గారు ఒక్కొక్కరినే పిలిచి మాట్లాడతారని కబురొచ్చింది. సెక్రటరీ అంటే మా కాలేజీ యాజమాన్యంలో అసలు మనిషి. చెవుల దాకా మీసం. మాట్లాడేటప్పుడు నోటికి అడ్డంగా చెయ్యి పెట్టుకునే అలవాటు. కుర్చీ కిటికీ వైపు తిప్పుకుని మాట్లాడతాడు.

"మన సీమ మొగోళ్లు ఆ మీసాలు కొంచెం కత్తిరించుకుంటే వీళ్ల సొమ్మేం పోతాదిమే?" అని ఆమె నవ్వింది. ఆ నవ్వు చూసి, ధైర్యంగానే ఉందిలే అనుకున్నాను.

ఆమె వంతు రేపనగా, రాజీనామా కాగితం ఆఫీసులో ఇచ్చేసి వచ్చింది. నాకు బస్సులో చెప్పింది. నేను సీట్లోంచి లేచి నిలబడ్డాను.

"నాకు ఒక్క మాట చెప్పకుండా ఎట్ల ఇస్తావక్కా?"

"చెప్తే నువ్వు ఆపుతావు."

"ఆపుతా! ఆయన నిన్ను తీసేస్తాడని నీకెవురు చెప్పినారు?"

"తీసేసినా ఓర్చుకుంటా. ఆయన ముందర కూర్చోని, ఏమడుగుతాండాడో తెలీక, ఊరికే నవ్వుతా తలూపుతా ఉండేది నాతో కాదుమే. ఆడ ఒక్కసారి తెలిసిపోతే సాయంత్రానికి పిల్లోళ్లకు తెలుస్తాది. తెలియకముందే పోతే, వాళ్లకు నేను బాగుండే మేడం మాదిరే మిగిలిపోతా."

అరిచినట్టే చెప్పింది. ముందు సీట్లలో పిల్లలు ఎవరూ తల తిప్పలేదు. అందరూ కిటికీల్లోంచి బయటకే చూస్తున్నారు. నేను దాన్ని గమనించలేదు. కోపంతో నాకు అప్పుడు ఏదీ కనిపించలేదు.

వెళ్లే రోజు తీగెలన్నీ చుట్టి, ఒక్కో చుట్టకూ బల్ల నంబరు రాసి బీరువాలో పెట్టింది. బండ ముక్కను మాత్రం తెచ్చుకోలేదు. "అది ల్యాబుదిమే" అంది. బేతంచెర్లకు పోయాక అప్పుడప్పుడు మెసేజ్ వచ్చేది. మిషన్ల చప్పుట్లో హాయిగా ఉందని, ఇక్కడ వినపడే మొనగాడు ఎవడూ లేడని. ఆ మాటలు నవ్వు కోసమే రాసింది. కానీ ప్రతి మెసేజ్ చివరా ఒకే ప్రశ్న, ఈ ఏడాది పిల్లోళ్లు బయట లైటు వెలిగించినారా అని. వెలిగించడం లేదు. కొత్తగా వచ్చిన ఆయన బోర్డు మీది లైటుతో సరిపెట్టేవాడు. నేను వెలిగించారనే రాసేదాన్ని.

డోన్‌లో రేష్మా నా కోసం ఎదురు చూస్తోంది. బేతంచెర్ల బస్సులో పక్కపక్కన కూర్చున్నాం. కిటికీ బయట బండల లారీలు, తెల్లటి దుమ్ము పట్టిన చెట్లు. ఒట్టు పెట్టించుకున్న మనిషే లేదు కదా అనిపించి, నేనే నోరు విప్పాను.

"మీ మేడంకు వినపడేది కాదు రేష్మా. మీకెవరికీ తెలియకూడదని శానా కష్టపడింది."

రేష్మా నా వైపు తిరిగింది. కళ్లు నిండుగా ఉన్నాయి.

"మాకు తెలుసు మేడం."

"ఎప్పటి నుంచి?"

"నా చిప్పు కాలిన రోజు నుంచి. ఆ సాయంత్రం హాస్టల్లో అందురం మాట్లాడుకుంటిమి. మాకు తెల్సినట్టు మేడంకు తెలీకూడదని. వెనక నుంచి పిలవద్దు, ముందుకు పోయి నిలబడల్ల, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవద్దు, ఒకరే మాట్లాడల్ల. మా జూనియర్లకు మేమే చెప్తిమి. వాళ్లు వాళ్ల జూనియర్లకు. మీకు తెలీదనుకున్నాం మేడం. మీరు వచ్చి చప్పుడు గిట్టదు అని చెప్తాంటే, పాపం ఈ మేడంకు అసలు సంగతి తెలీదు అని నవ్వుకుంటాంటిమి."

నేను సీటు కమ్మీ గట్టిగా పట్టుకున్నాను.

"మరి సెక్రటరీ గారికి తెలిస్తే తీసేసేవాడే కదా?" అన్నాను. ఏదో ఒకటి మిగలాలని అడిగాను. ఆమె పోవడానికి ఒక్క కారణమైనా నిజం కావాలి కదా.

"ఆయన కూతురు మా బ్యాచే గద మేడం. అది ఇంట్లో ఎప్పుడో చెప్పింది. ఆ మేడంను ఏమీ అనద్దు నాన్నా అనిందంట. 'పాఠం బాగా చెప్తాంది గదా, చెవులతో నాకేం పని' అన్నాడంట ఆయన. ఆమెను తీసే ఆలోచనే లేదంట. రాజీనామా చూసి, ఎందుకు పోతాంది అని అడిగినాడంట ఆఫీసులో. ఏదో సొంత పనంట అని వాళ్లు చెప్పినారు."

బేతంచెర్ల వచ్చేదాకా నేను ఏడ్చాను. మనిషి పోయినందుకు కాదు, అప్పటికి ఆ ఏడుపు ఇంకా మొదలే కాలేదు. ఏ గదిలో నిలబడటం కోసం అంత తెలివి ఖర్చు పెట్టిందో, ఆ గదిలోంచి ఆమెను వెళ్లగొట్టినవాళ్లు ఎవరూ లేరు. అందరూ ఆమె ఉండాలనే కోరుకున్నారు. అందరూ ఆమె మనసు నొచ్చుకోకూడదనే నోరు మూసుకున్నారు.

వాళ్ల వీధిలో ఫ్యాక్టరీలన్నీ ఆపేశారు. మిషన్లు ఆగిన ఆ వీధి ఎంత నిశ్శబ్దంగా ఉందో. ఆ నిశ్శబ్దంలో వచ్చినవాళ్లు వచ్చినట్టు ఆమె అన్న దగ్గరికి పోయి, చెవి దగ్గర నోరు పెట్టి, గట్టిగా అరిచి పరామర్శిస్తున్నారు. ఆయనకు అరుపు కూడా అందడం లేదని తెలుస్తూనే ఉంది. అయినా అందరికీ తలూపుతున్నాడు.

ఆమెను వాకిట్లో పడుకోబెట్టారు. పచ్చచీర కట్టారు. నేను ఆ పెద్ద సైజు చెప్పులు ఎక్కడైనా కనిపిస్తాయేమోనని పిచ్చిదానిలా చుట్టూ వెతికాను. రేష్మా ఆమె కాళ్ల దగ్గర కూర్చుని దుప్పట్లో మొహం దాచుకుంది.

ఆమె అన్న నన్ను గుర్తుపట్టి దగ్గరికి వచ్చాడు. చెల్లెలి పోలికలే. ఆయన చూపు నేరుగా నా నోటి మీద నిలబడగానే నాకు ప్రాణం పోయినంత పనైంది.

"ల్యాబు మూసేసినారంట గదమ్మా. అందుకే ఉద్యోగం మానుకొని వచ్చినా అని చెప్పింది. నిజమేనా?"

అబద్ధం చెప్పలేకపోయాను. "కాదన్నా. చెవుల సంగతి పిల్లలకు తెలిసిపోతుందని భయపడింది. నవ్వుతారని."

ఆయన ఆశ్చర్యంగా చూశాడు. "దీనికేమి నవ్వుతారు? మా ఇంట్లో ఎవురికి వినపడుతాదమ్మా? మా నాయనకు లేదు, నాకు లేదు, మా పిల్లోళ్లకు రేపో మాపో. ఇది నవ్వే సంగతా?" అని, ఒక్కసారి చెల్లెలి వైపు చూసి, మళ్లీ నా వైపు తిరిగాడు. "మరి నవ్వినారా ఆ పిల్లోళ్లు?"

"లేదన్నా. వాళ్లకు ముందే తెలుసు. మొదటి నుంచీ అందరికీ తెలుసు. ఒక్కరు కూడా నవ్వలేదు."

ఆయన ఆ మాట పెదాల మీద సరిగ్గా చదివాడో లేదోనని ఇంకోసారి చెప్పమన్నాడు. చెప్పాను.

"అందరికీ తెలుసా? తెలుసని దానికి ఎవురూ చెప్పలేదా?"

పక్కన ఎవరో ఆయనకు వినపడాలని అరుస్తున్నారు. రేష్మా తలెత్తి నా వైపు చూస్తోంది. నాకు గొంతు రాలేదు. ఆయనకు గొంతుతో పనిలేదు. పెదాలు మాత్రం కదిలించి "లేదన్నా" అన్నాను. ఆయనకు అర్థమైంది.